తాత పెట్టిన ఎర్రమట్టి బొట్టు

మొన్న మా చెల్లెలు సుక్రి విశాఖపట్నంలో మా ఇంటికి వచ్చింది. అందరూ వచ్చినట్టు వస్తే అది సుక్రి ఎందుకవుతుంది? వీపున నెలల పిల్లాడిని గుడ్డతో కట్టుకుని, కుడి చంకలో పనసకాయ ఇరికించుకుని మా అపార్ట్‌మెంట్ లిఫ్టెక్కింది. లిఫ్టులో కనిపించిన పై అంతస్తు పెద్దాయనతో వరసలు కలిపేసి, పనసకాయ ఆయన చేతుల్లో పెట్టేసింది. నేను తలుపు తీసేసరికి ఎదురుగా పనసకాయ, దాని వెనక రొప్పుతూ ఆయన, ఆయన వెనక పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఇది. దాని ముఖంలో కుడివైపు నుదుటి నుంచి కనురెప్ప మీదుగా చెంప దాకా ముదురెరుపు మచ్చ ఉంటుంది. నేరేడుపళ్లు తిన్న చేత్తో ఎవరో నిమిరినట్టుంటుంది. ఆయన మర్యాదస్తుడు. దాన్ని అడగలేక నన్ను అడిగాడు, “పాపం, కాలిందామ్మా?” అని. నేను నోరు తెరిచేలోగా అదే అందుకుంది. “కాల్నేదు బాబూ. పోయిన జన్మలో మా ఆయన బొట్టెట్టినాడు. సెయ్యి కుదురు నేదు, ముకమంతా పులిమీసినాడు.” ఆయన పనసకాయ గుమ్మంలో దింపి, లిఫ్టు అక్కడే ఉండగా మెట్ల మీదుగా వెళ్లిపోయాడు.

నేను నవ్వి నవ్వి గుమ్మంలోనే కూలబడ్డాను. నలభై దాటి, చత్వారపు కళ్లజోడు పెట్టుకుని, బళ్లో పిల్లల్ని నవ్వొద్దని గదమాయించే టీచరమ్మని. నవ్వు ఆగాక ఆలోచిస్తే, అది ఆయనకి చెప్పింది అబద్ధమేమీ కాదు. మా ఇంటి లెక్క ప్రకారం అక్షరాలా నిజం. ఆ లెక్క తెలియాలంటే ముందు మా అవ్వ తెలియాలి.

మాది అరకు దగ్గర డుంబ్రిగుడ నుంచి కొండ మీదికి నడిచి వెళ్లాల్సిన ఊరు. మా అవ్వ పేరు కూడా సుక్రే. మా కొండల్లో పేరు పెట్టడానికి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు, వారం చూసి పెట్టేస్తారు. శుక్రవారం పుట్టింది కాబట్టి ఆవిడ సుక్రి, బుధవారం పుట్టాడు కాబట్టి తాత బుద్రు, ఆదివారం పుట్టాను కాబట్టి నేను అయితి. మా ఇంట్లో పొద్దున్నే వచ్చే వాసనలు ఇప్పటికీ ముక్కులో ఉన్నాయి. వాకిట్లో ఆరబోసిన కాఫీ పళ్ల పులిసిన వాసన, పొయ్యి మీద రాగిపిండితో కాచే చోడి అంబలి వాసన, వాటన్నిటినీ తొక్కేస్తూ అవ్వ చుట్ట వాసన. అవ్వ అడ్డపొగ కాల్చేది. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా తాతని తిట్టగలిగేది, మాట ఒక్కటి కూడా తడబడేది కాదు. పండగ ముందు ఎర్రమట్టి కలిపి గోడలన్నీ ఆవిడే అలికేది. గోళ్లలో ఆ ఎరుపు ఏడాది పొడుగునా ఉండేది. కోపం వస్తే ఎడమ కన్ను మూసి కుడి కన్ను ఇంత చేసి చూసేది. ఆ చూపు పడితే మా నాన్నంతటివాడు పనిముట్లు తీసుకుని పొలానికి పారిపోయేవాడు.

అలాంటి మనిషి ఒక వానాకాలం జ్వరంతో పోయింది. గెడ్డ పొంగి దారి మూసుకుపోయింది, ఆవిణ్ని కింద ఆసుపత్రికి దింపడానికి లేకపోయింది. మా ఊళ్లో పెద్దవాళ్లు పోతే ఒంటి మీద ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టి సాగనంపుతారు. పోయినవాళ్లు మళ్లీ ఆ ఇంట్లోనే పుడతారని, ఆ గుర్తుని బట్టి పోల్చుకోవచ్చని. మామూలుగా అయితే మసితో పెడతారు. తాత మాత్రం అవ్వ గోడలకి కలుపుకున్న ఎర్రమట్టిలో వేలు ముంచి, ఆవిడ కుడి కనుబొమ మీద బొట్టు పెట్టాడు. “బేగి రా,” అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత ఏడాదంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చుట్ట ఎవరూ లాక్కోకపోవడంతో చివరిదాకా తనే కాల్చుకోవాల్సి వచ్చేది, అది ఆయనకి చాలా కష్టంగా ఉండేది.

ఆ తర్వాత అమ్మ కడుపున నా చెల్లెలు పుట్టింది. మంత్రసాని పిల్లని బయటికి తెచ్చి గుడ్డ తొలగించగానే వాకిట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారి కేక పెట్టారు. కుడి కనుబొమ మీద ఎరుపు! కనుబొమ మీద ఏమిటి, నుదురు, రెప్ప, చెంప, అంతా ఎరుపే. తాత నడుచుకుంటూ రాలేదు, దూకుతూ వచ్చాడు. పిల్లని చేతుల్లోకి తీసుకుని కాసేపు చూసి, “ఓలమ్మో! నానింత సుక్క ఎడితే, ఇంత సేసుకుని వొచ్చినాది సూడు. ఏది ఇచ్చినా దీనికి సాలేది కాదు,” అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు, రెండూ ఒకేసారి చేస్తున్నాడు. ఆనవాయితీ ప్రకారం ఆకు దొప్పలో నీళ్లు పోసి, పెద్దల పేర్లు ఒక్కొక్కటీ పలుకుతూ బియ్యపు గింజలు వేశారు. ఏ పేరుకి రెండు గింజలు అంటుకుంటే వాళ్లు వచ్చినట్టు. అవ్వ పేరుకే అంటుకున్నాయి. అంటుకోకపోతే తాత దొప్పలో వేలు పెట్టి అంటించేవాడే అనుకోండి. పిల్ల పుట్టింది సోమవారం. సోమి కావాల్సింది సుక్రి అయిపోయింది.

ఆ తర్వాతి నెలలు మా ఊరికి పిచ్చెక్కిన నెలలు. అంత సంతోషం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి జనం. అవ్వ ఉండగా ఆవిడకి భయపడి మాట్లాడనివాళ్లు కూడా, ఇప్పుడు పళ్లు లేవు కదా అని ధైర్యంగా వచ్చి పలకరించేవాళ్లు. మా అమ్మ పరిస్థితి చెప్పనే అక్కర్లేదు. తన అత్తగారికి తనే పాలిస్తోంది. పిల్ల కక్కితే, “అప్పుడు నా వంట నచ్చనేదు, ఇప్పుడు నా పాలూ నచ్చనేదేటి?” అనేది. నేను ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకి వచ్చి పిల్లని ఎత్తుకుంటే, “అవ్వని ఎత్తుకున్నావు, కాళ్లకి దండం ఎట్టుకున్నావా?” అని తాత అడిగేవాడు. రోజూ పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని, పిల్లని ఒళ్లో పెట్టుకుని, ఏడాదిగా దాచుకున్న ఫిర్యాదులన్నీ చెప్పేవాడు. ఆమె లేనప్పుడు కోడి గంప కింద పాము దూరిందనీ, కూరలో ఉప్పు తగ్గిపోయిందనీ, తన గోచీ ఎవరూ సరిగ్గా ఉతకడం లేదనీ. పిల్ల కళ్లప్పగించి వినేది.

పిల్లకి కొన్ని నెలలు రాగానే ఇంకో వింత మొదలైంది. ఉండి ఉండి ఎడమచేతి వేళ్లు ముడుచుకుని, చెయ్యి టపటపా కొట్టుకునేది. పెదవి ఎడమ మూలకి లాగేది. మొదటిసారి చూసినప్పుడు మా నాన్న ఎగిరి గంతేశాడు. “మాయమ్మ సుట్ట అడుగుతున్నాది! ఆ మూతి సూడండి, నిప్పు నోట్లో సర్దుకుంతన్నాది!” అడ్డపొగ కాల్చేవాళ్ల మూతి నిజంగా అలాగే వంకర తిరుగుతుంది. ఇంక మాకు అదే ఆట. చెయ్యి కొట్టుకోవడం మొదలవగానే ఎవరో ఒకరు ఆరిన చుట్టముక్క తెచ్చి ముక్కు ముందు ఊపేవాళ్లం. సంతకి తీసుకెళ్తే అక్కడా చూడ్డానికి జనం. కుడి కన్ను కూడా రోజురోజుకీ పెద్దదవుతున్నట్టుండేది. మెరుస్తూ, నీళ్లు కారుతూ ఉండేది. ఎండలోకి తీసుకొస్తే మూసుకునేది. “అదే సూపు,” అని అందరూ భయం నటిస్తూ పారిపోయేవాళ్లం.

పనసచెట్టు తీర్పు కూడా అప్పుడే జరిగింది. గెడ్డ పక్కనున్న పెద్ద పనసచెట్టు పెదనాన్నదో చిన్నాన్నదో తేల్చకుండా అవ్వ వెళ్లిపోయింది. ఇద్దరూ ఏడాదిగా మాటల్లేకుండా ఉన్నారు. ఇప్పుడు ఆవిడే వచ్చింది కదా, అడిగేద్దామన్నారు. పిల్లని చెట్టు కింద పెదనాన్నకీ చిన్నాన్నకీ మధ్య పడుకోబెట్టారు. ఊరంతా చుట్టూ నిలబడింది. పిల్ల హాయిగా బొటనవేలు చీకుతూ చాలాసేపు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చిన్నాన్న బతిమాలాడు. పెదనాన్న, “అమ్మా, అయాల నీకు సేప తెచ్చింది నానే గదా,” అని గుర్తుచేశాడు. ఇంతలో ఎడమచెయ్యి టపటపా పెదనాన్న వైపు కొట్టుకుంది. తీర్పు అయిపోయింది. చిన్నాన్న ఇంటికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఊరందరికీ పెదనాన్న దాచి ఉంచిన పనస గింజలు కాల్చి పెట్టాడు.

తర్వాత కొద్దిరోజులకే ఆ ఉదయం వచ్చింది. కాఫీ పళ్లు ఏరి తెచ్చిన రోజులు, ఇంట్లో అందరం ఉన్నాం. తాత ఒళ్లో సుక్రి. చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. “అడుగుతున్నాది, ఇచ్చీ తాతా!” అని మేం అరిచాం. అవ్వ ఉండగా ఏడిపించినట్టే తాత చుట్టని దూరంగా పట్టుకుని, “ఇవ్వనే! ఏటి సేత్తావు?” అన్నాడు. చెయ్యి కొట్టుకుంటూనే ఉంది. తాత చుట్టని దగ్గరికి తెచ్చాడు. పిల్ల దానివైపు చూడలేదు. చుట్టని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పిల్ల కళ్లు ఎడమ పక్కకి తిరిగిపోయి అక్కడే ఉన్నాయి. “ఓలె సుక్రీ!” అన్నాడు. మళ్లీ గట్టిగా, “ఓలె!” అన్నాడు. మేం ఇంకా నవ్వుతున్నాం. తాత మొహంలో నవ్వు పోయింది.

“ఉండండి,” అన్నాడు. “సుక్రి నన్ను ఏనాడూ సుట్ట అడగనేదు. నా నోట్లోంచి లాక్కునీది.”

ఎవరికీ అర్థం కాలేదు. చెయ్యి ఆగింది. పిల్ల ఒళ్లంతా వదిలేసి, తడిగుడ్డలా అయిపోయి నిద్రపోయింది. తాత ఆ ఎడమచెయ్యి ఎత్తి వదిలాడు, అది అలాగే జారిపడింది. “నాను పిలిత్తే తిట్టడానికైనా ఇటు తిరిగీది. ఇప్పుడు దాని కళ్లు ఈడ నేవు. ఇది అడగడం కాదురా. దీన్ని లోపల్నించి ఎవుడో లాగుతున్నాడు.” అప్పుడు చూశాం మేం అందరం, చూడ్డమంటే ఏమిటో అప్పుడే తెలిసినట్టు. అమ్మ పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది.

ఆసుపత్రికి తీసుకెళ్తానని తాత అనగానే ఇంట్లో గొడవ మొదలైంది. మంచిరోజులు చెప్పే మా ఊరి దిసారి వచ్చాడు. పెద్దమనిషి, అవ్వంటే గౌరవం ఉన్నవాడు. “ఆసుపత్రోళ్లు ముందు ఆ ఎరుపు సూత్తారు. మందేసి తుడిసెత్తారు. గుర్తు పోనాదంటే ఇల్లు తప్పుతాది. మళ్లీ ఎల్లిపోతాది బుద్రూ,” అన్నాడు. అమ్మ పిల్ల ముఖం మీద కొంగు కప్పింది. నాన్న కాఫీ పళ్లు కెలుకుతూ నిలబడ్డాడు. మాకు ఆ భయం నిజమైన భయం. ఆ ఎరుపే అవ్వకీ మాకూ మధ్య ఉన్న దారి. అది మూసుకుపోతే పిల్ల ఉంటుందో ఉండదో ఎవరు చెప్పగలరు?

తాత లేచి నిలబడ్డాడు. “గుర్తెట్టింది ఎవుడు? నాను. తుడిసెత్తే మళ్లీ ఎడతాను. కొండ నిండా మన్నే గదా. మడిసి ఉండాల ముందు.” తర్వాత గొంతు తగ్గించి దిసారితోనే అన్నాడు. “దీన్ని ఒకపాలి కొండ దింపనేక పోగొట్టుకున్నాను. ఎలాగో దారి ఎతుక్కుని నా కాడికి వొచ్చినాది. మళ్లీ నా ఒళ్లోనే పోనాదంటే నానేటి కావాల?” దిసారి పంచాంగం తెరవకుండానే, “రేపు మంచిరోజే,” అన్నాడు. పంచాంగం తెరిస్తే ఏముండేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

మర్నాడు తాత పిల్లని తన వీపునే కట్టుకున్నాడు. మా ఊళ్లో మగవాడు పిల్లని వీపున కట్టుకోవడం అదే మొదలు. ఆడవాళ్లు భయంలో కూడా నవ్వాపుకోలేకపోయారు. “పెళ్లాన్ని మోసుకుపోతున్నాడు సూడండే!” అన్నారు. “ముప్పై ఏళ్లు దీని తిట్లే మోసినాను, ఇదేటి బరువు?” అన్నాడు తాత. అరకు ఆసుపత్రిలో డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా పట్నం తీసుకెళ్లమన్నాడు. తాత, అమ్మ, బోర్డులు చదవడానికి నేను, ముగ్గురం రైలెక్కాం. నాకది మొదటి రైలు ప్రయాణం. చెల్లెలికి బాగోలేదని తెలుసు, ఏడుపు కూడా వస్తోంది, అయినా రైలు సొరంగంలోకి దూరగానే పెట్టెలో వాళ్లందరితో పాటు నేనూ కేక పెట్టాను. పెట్టకుండా ఎలా ఉంటాం? అవ్వ బతికుండగా రైలెక్కింది లేదు, సొరంగమంటే కొండ నోరని ఆవిడ భయం. అందుకని ప్రతి సొరంగానికీ తాత పిల్ల రెండు చెవులూ అరచేతులతో మూసి, “అయిపోనాది, అయిపోనాది,” అంటూ కూర్చున్నాడు. వెలుగు రాగానే చేతులు తీసేవాడు. ఆ దారిలో ఎన్ని సొరంగాలుంటాయో ఎక్కినవాళ్లకి తెలుసు. దిగేసరికి పిల్ల చెవులు వెచ్చగా కందిపోయి ఉన్నాయి.

పెద్దాసుపత్రిలో మమ్మల్ని చూసింది ఒక పిల్లల డాక్టరమ్మ. తల ఎత్తకుండా, “పాపకి మీరేమవుతారు?” అని తాతని అడిగింది. తాత వినయంగా చేతులు కట్టుకుని, “మొగుణ్నమ్మా,” అన్నాడు. గదిలో నర్సు ట్రే వదిలేసింది. డాక్టరమ్మ తలెత్తింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మా బడి వాచకం తెలుగులో, “అయ్యో, అలా కాదండీ, గత జన్మలోనండీ,” అని మొదలుపెట్టి, ఎర్రమట్టి బొట్టు, బియ్యపు గింజలు, చుట్ట, పనసచెట్టు తీర్పు, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. ఆవిడ మొదట పెదాలు బిగించింది, పనసచెట్టు దగ్గరకొచ్చేసరికి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని, చాలా శ్రద్ధగా తాతని అడిగింది. “చెప్పండి. మీ ఆవిడ చెయ్యి ఎప్పుడెప్పుడు కొట్టుకుంటోంది? అప్పుడు పిలిస్తే పలుకుతోందా?” ఆ ప్రశ్నతో తాత ఆవిడకి దాసుడైపోయాడు.

వెలుగు వేసి చూశారు. కంటి డాక్టరు చూశాడు. తలకి ఫోటో తీసే యంత్రంలో పెట్టారు. “లోపల ఏటి తిడతన్నాదో కనబడినాదా?” అని తాత యంత్రం దగ్గరున్నతన్ని అడిగాడు. అన్నీ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. చాలామంది పిల్లలకి మచ్చ అంటే మచ్చే, దానితో ఏ భయమూ లేదట. కానీ ముఖం మీద సన్నటి రక్తనాళాలు ఇలా ఎక్కువగా అల్లుకుని, ఆ ఎరుపు నుదుటి మీదా పై రెప్ప మీదా ఉంటే, అదే అల్లిక ఒక్కోసారి లోపల మెదడు పొర మీద కూడా ఉంటుందట. కుడివైపు మెదడుకి ఇబ్బంది అయితే ఎడమచెయ్యి కొట్టుకుంటుందట. అది మూర్ఛ. కంట్లో ఒత్తిడి పెరిగి కన్ను పెద్దదవుతోందట, వదిలేస్తే చూపు మొత్తం పోతుందట. ఇంకోరకం ఎర్రమచ్చలుంటాయి, పుట్టిన తర్వాత ఉబ్బెత్తుగా పెరుగుతాయి, పెద్దవైతే వాటితో గుండె కూడా చూడాల్సి వస్తుంది. మీ పాపది ఆ రకం కాదు, అయినా గుండె కూడా చూశాను, బాగుంది, అంది. “గుండెకేటమ్మా, అది సుక్రి గుండె,” అన్నాడు తాత. కానీ గొంతులో పస లేదు. తర్వాత అడిగాడు.

“తల్లీ, నాను బొట్టెట్టినప్పుడు మన్ను ఎక్కువ తడిపీసినాను. అది లోపలికి గాని కారిపోనాదేటి?”

అప్పటిదాకా ఆయన మనసులో ఏం మెదులుతోందో మాకెవరికీ తెలియదు. డాక్టరమ్మ లేచి, బల్ల ఇవతలికి వచ్చి, ఆయన పక్కన నిలబడింది. “కాదు తాతా. మీ బొట్టు వల్ల కాదు. తల్లి కడుపులో పిండం తయారవుతున్నప్పుడే ఇలా జరిగిపోతుంది. ఎవరి తప్పూ ఉండదు, తల్లిది కూడా కాదు. మీరు తీసుకొచ్చారు కాబట్టి కన్ను దక్కించుకోవడానికి వీలుంది.” తాత అక్కడే, ఆ కుర్చీలోనే, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుపయ్యాక, “ఆ ఎరుపు తుడిసెత్తారా?” అని అడిగాడు. ముట్టుకోం అంది. దాంతో అమ్మ కూడా ఏడుపు మొదలుపెట్టింది, ఆ పిల్ల తప్ప అందరం ఏడ్చాం.

కంటికి ఆపరేషన్ చేశారు. ఫినాయిలు వాసన కొట్టే వరండాలో తాత వెలిగించని చుట్ట నముల్తూ కూర్చున్నాడు. కట్టు కట్టుకుని బయటికి వచ్చిన సుక్రిని చూసి, “ఎలుగుబంటితో దెబ్బలాడొచ్చినావేటే?” అన్నాడు. ఆ కంట్లో చూపు పూర్తిగా నిలబడలేదు, కొంతే నిలబడింది. ఆ కొంత ఇప్పటికీ ఉంది. మూర్ఛకి సీసా మందు ఇచ్చారు, పొద్దున్నా సాయంత్రం తప్పకూడదన్నారు. మా ఊళ్లో గడియారం లేదు. తాత తన చుట్టనే గడియారం చేసుకున్నాడు. “నీకు మందు, నాకు సుట్ట,” అనేవాడు. పిల్ల మందు మింగితేనే ఆయన నిప్పు ముట్టించేవాడు. చుట్ట తప్పిన రోజు ఆయన జీవితంలో లేదు కాబట్టి మందు తప్పిన రోజు దాని జీవితంలో లేదు. వానల్లో దారి మూసుకుపోతుందని ఒక సీసా ఎప్పుడూ ధాన్యం గాదెలో దాచి ఉంచేవాడు. సొరకాయ బుర్రలో కల్లు దాచుకోవడం కూడా మర్చిపోయాడు గానీ, ఆ సీసాని మర్చిపోలేదు.

మేం తిరిగి వచ్చాక చిన్నాన్న కొత్త పేచీ లేవదీశాడు. పిల్ల చెయ్యి కొట్టుకుంది రోగం వల్ల కదా, మరి పనసచెట్టు తీర్పు చెల్లదు కదా అని. న్యాయమే మరి. తాత చుట్ట తీసి, “మడిసికి రోగమున్నా తీర్పు తీర్పే,” అన్నాడు. చెట్టు ఇప్పటికీ పెదనాన్న వాళ్లదే. కాకపోతే కాయలు కోసినప్పుడల్లా మొదటి కాయ చిన్నాన్న ఇంటికే వెళ్తుంది.

సుక్రి ఆలస్యంగా నడిచింది. ఎడమకాలు ఈడ్చేది, ఎడమచెయ్యి పట్టు తక్కువ. జ్వరం వస్తే మూర్ఛ వచ్చేది, అప్పుడు ఇల్లంతా బిక్కచచ్చిపోయేది. గోడ పట్టుకుని నడక నేర్చుకుంది కాబట్టి అరచేతులెప్పుడూ ఎర్రమట్టి రంగులో ఉండేవి. బళ్లో పిల్లలు మచ్చని చూసి వెక్కిరిస్తే, “నాను మీ అందరి అవ్వనిరా, కాళ్లు మొక్కండి,” అనేది. సగం మంది మొక్కేవాళ్లు కూడా. ఒకరోజు, దానికి నాలుగో అయిదో ఏళ్లుంటాయి, వాకిట్లో ఆడుకుంటున్నది కుంటుకుంటూ వచ్చి, తాత నోట్లో చుట్ట కుడిచేత్తో లటుక్కున లాగి పారేసింది. కంపు అంది. తాత ఊరంతా వినపడేలా అరిచాడు. “వొచ్చినాదిరా! ఇప్పుడొచ్చినాది సుక్రి!”

తాత పోయేనాటికి దానికి పన్నెండో ఏడో పదమూడో ఏడో ఉంటుంది. నేను టీచరు ట్రైనింగులో ఉన్నాను, సెలవు పెట్టి వచ్చాను. చివరి రోజుల్లో అది ఆయన మంచం పక్కనే కూర్చుని, గుర్తు ఎక్కడ పెట్టమంటావని బెంగ లేకుండా అడిగేసింది. “ముకం మీద వొద్దే. నీలాగ అందరూ సూత్తారు, నాకు సిగ్గు,” అన్నాడాయన. ఎర్రమట్టి కలిపి అదే పెట్టింది. తను ఒకప్పుడు వేలాడుతూ ప్రయాణం చేసిన చోట, నడుముకి కాస్త పైన, వీపు మీద. తను ఏడవలేదు, మా అందరి ఏడుపూ ఆపించింది. ఆ తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఇప్పుడు మా ఊరికి తారురోడ్డు ఉంది. సుక్రి ఆ రోడ్డు పక్కనే కాఫీ అమ్ముతుంది. ఆగిన టూరిస్టులు దాని ముఖం చూసి చూడనట్టు నటిస్తే, అదే పిలిచి కథ చెప్పి కాఫీ ఇంకో కప్పు తాగిస్తుంది. మాత్రలు వేసుకుంటూనే ఉంది. డాక్టర్లని అడిగి మందు సరిచేయించుకున్నాకే పిల్లాణ్ణి కన్నది. ఈ రోజుల్లో ఇలాంటి మచ్చతో బిడ్డ పుడితే ఫోన్లో ఫోటో తీసి పంపితే చాలు, పరీక్ష చేయించండని ఎవరో ఒకరు చెప్తారు. చెప్పాలి కూడా. మేం ఆ నెలల్లో నవ్విన నవ్వులు తలుచుకుంటే ఒక్కోసారి ఒళ్లు జలదరిస్తుంది. కానీ తాత కూడా ఆ నవ్వుల మధ్యే కూర్చున్నాడు, అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆవిడే వచ్చిందని అంతలా నమ్మబట్టే, ఆవిడది కాని పనిని చివరికి ఆయనే పట్టుకోగలిగాడు. ఇందులో నేను పిల్లలకి చెప్పే పాఠం ఏమీ లేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషమేస్తుంది, అంతే.

సుక్రి ఈసారి వచ్చింది తన కన్ను చూపించుకోవడానికి, పనిలో పనిగా పిల్లాణ్ణి కూడా చూపించడానికి. ఇది తల్లి నుంచి బిడ్డకి వచ్చేది కాదని డాక్టర్లు చెప్పినా దానికి నమ్మకం కుదర్లేదు. పిల్లాడి ముఖం కడిగిన పళ్లెంలా ఉంది, కళ్లు బాగున్నాయన్నారు. నడుముకి కాస్త పైన మాత్రం నీలంగా ఒక మచ్చ. మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది, కొన్నాళ్లకి దానంతటదే పోతుంది అన్నాడు డాక్టరు. “పోతే పోనీండి బాబూ. మడిసి దిగినాడు గదా,” అంది సుక్రి. దొప్పలో గింజలు ఏ పేరుకి అంటుకున్నాయో నేను అడగలేదు. “ఎర్రమట్టి ఎడితే నీలం అయిపోనాదేటే?” అని మాత్రం అడిగాను. “ముసిలోడికి రంగులు ఏనాడు తెలిసినాయి?” అంది.

స్టేషన్‌లో దింపడానికి వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద అది మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, కింద కూర్చుని వీపు వంచింది. నేను పిల్లాణ్ణి ఎత్తి దాని వీపున పెట్టి గుడ్డ బిగించాను. వాడు కాళ్లు తన్ని, దాని జుట్టు పీకుతూ, స్టేషనంతా వినపడేలా రాగం అందుకున్నాడు. సుక్రి వెనక్కి చెయ్యి పోనిచ్చి వాడి పిరుదు మీద మెల్లగా తట్టింది.

“ఊరుకో బుద్రూ. అయాల నువ్వు మోసినావు, నాను కిక్కురుమననేదు. బేగి సర్దుకుని కూకో. సొరంగాల కాడ సెవులు నాను మూత్తాను.”